కాగితంలో పప్పు లేదు

నేను జీవశాస్త్రం మాస్టరుని. పాకాల చుట్టుపక్కల బడుల్లో ఇరవై ఆరేళ్లుగా పాఠం చెబుతున్నాను. ఇప్పటి పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, దాని ఎదురు పేజీ తెలుగు. పిల్లలు ఇంగ్లీషు పేజీ చూస్తారు, నేను తెలుగు పేజీ చూస్తాను. ఎవడైనా లేచి ‘ప్రొటీన్’ అన్నాడంటే వాణ్ణి కూర్చోనివ్వను. ‘మాంసకృత్తులు’ అని మూడుసార్లు అనాల్సిందే. వెనక బెంచీల్లో నన్ను ‘తెలుగు తిక్కోడు’ అంటారని తెలుసు. అననీలే అనుకునేవాడిని. తిక్క అన్నదీ తెలుగు మాటే కదా.

ఆ మాటంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. మాంసాన్ని చేసేవి, అంటే ఒళ్లు కట్టేవి అని దాని అర్థం. మాంసంలో మాత్రమే ఉండేవి అని కాదు. ఈ సంగతి ప్రతి ఏడాదీ ప్రతి తరగతిలో చెప్పేవాడిని. తిరుమలకు పోయి గుండుతో తిరిగొచ్చిన పిల్లవాడు ప్రతి తరగతిలో ఒకడైనా ఉంటాడు. వాడి తల నిమిరి, “దేవుడికి ఏమిచ్చి వచ్చినావురా?” అని అడిగేవాడిని. “జుట్టు సార్.” “జుట్టంటే?” తరగతంతా ఒక్క గొంతుతో “మాంసకృత్తు సార్!” అనేది. గోరు అదే, పాలలో పెరుగుగా తోడుకునేదీ అదే. అన్నం ముద్దను మింగకుండా నమిలితే కాసేపటికి తియ్యబడుతుంది, ఆ పని చేసే లాలాజలంలోని ఎంజైమూ అదే. ఊపిరిని నెత్తురులో మోసుకుపోయేదీ, రోగం వస్తే ఎదురు నిలిచేదీ అదే. “ఒంట్లో ఇల్లు కట్టేది అవే, ఇంట్లో పని చేసేది అవే, వాకిట్లో కాపలా కాసేది అవే” అని చెప్పి, అరగంటసేపు నన్ను నేనే మెచ్చుకుంటూ తిరిగేవాడిని.

పైతరగతి పిల్లలకు ఇంకో ముక్క చెప్పేవాడిని. మాంసకృత్తు అంటే పొడుగాటి దండ, ఆ దండ ఎట్లా మడత పడిందన్నదాన్ని బట్టే అది చేసే పని ఉంటుంది. కొన్ని రోగాల్లో మడత తప్పినది ఒక్కటి పుడితే చాలు, పక్కనున్న మంచిదాన్ని కూడా తనలాగే మడత తప్పిస్తుంది. పిల్లలకు ఇది దయ్యం కథలా ఉండేది, నోరు తెరుచుకొని వినేవారు.

బడిలో ఇంత చెప్పిన మనిషిని ఇంట్లో ఒక్క ముక్క చెప్పలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. నా విషయంలో చెట్టుకే కాస్త పొగరు.

మా నాయనది పాకాలలో పప్పుల అంగడి. మాది వ్యాపారస్థుల ఇల్లు, మాంసం మాట అటుంచి, గుడ్డు కూడా గడప దాటి లోపలికి రాదు. కందిపప్పు, పెసరపప్పు, అలసందలు, ఉలవలు, సెనక్కాయలు, చలికాలమైతే అనపగింజలు — ఇవే ఆయన లోకం. బస్తా విప్పగానే ఒక బేడ, అంటే పప్పు బద్ద, తీసి ముందు పళ్ల మధ్య పెట్టి కొరికేవాడు. టక్కున విరిగితే ఎండిన సరుకు, మెత్తగా అణిగితే తేమ సరుకు. ఇందులో ఆయన తప్పు చెప్పగా నేను చూడలేదు. మధ్యాహ్నం పూట పప్పు లేకపోతే అది ఆయనకు పూటే కాదు. అనపకాయల కాలంలో అమ్మ గింజలు నానబెట్టి ఒక్కొక్కటే తొక్క పితికి తీసేది. ఆ పితికిపప్పు కూర, రాగి సంగటి పళ్లెంలో పడ్డాయంటే ఆయన్ను పిలిచినా పలికేవాడు కాదు.

ఆయనకూ నాకూ మధ్య మాటలు తక్కువ. నేను అంగడి చూసుకోకుండా బడి పంతులు ఉద్యోగానికి పోయానని ఆయనకు లోపల ఒక ముల్లు. “మావాడికి నోరే అంగడి” అని వచ్చినవాళ్లతో అనేవాడు. నేనేమో ఆయన ‘కిడ్నీ’ అంటే ‘మూత్రపిండం’ అని, ‘బీపీ’ అంటే ‘రక్తపోటు’ అని దిద్దేవాడిని. అమ్మనూ, నా భార్యనూ కూడా వదిలేవాడిని కాదు. ఇంటిని బడి చేశానని అప్పట్లో నాకు తెలియలేదు.

ఒక ఉదయం దొడ్లోంచి వచ్చి నాయన నన్ను పక్కకు పిలిచాడు.

“ఒరే, వుచ్చలో నురుగొస్తా ఉండాది. పప్పు పొంగు మాదిరి” అన్నాడు.

ఆయన పాదాల వైపు చూశాను. చెప్పుల పట్టీ అచ్చు పాదంలోకి దిగి ఉంది. వేలితో నొక్కితే గుంట పడి, నింపాదిగా పూడింది. నురుగంటే నాకు తెలుసు, వాపంటే తెలుసు. నెత్తురులో ఉండాల్సిన మాంసకృత్తు మూత్రంలో పోతోంది. నీటిని నెత్తురులో పట్టి ఉంచేది అదే కాబట్టి, అది తగ్గేసరికి నీరు కాళ్లలోకి దిగింది. మర్నాడే రైల్లో తిరుపతికి తీసుకుపోయాను.

అక్కడ ఒక ఆసుపత్రిలో పరీక్షలన్నీ చేసి, మూత్రపిండాలు సగానికి పైగా చెడిపోయాయన్నారు. జల్లెడ కన్నాలు పెద్దవైనట్టు, పోనివ్వకూడనిదాన్ని పోనిస్తున్నాయి, పోవాల్సిన మలినాన్ని మాత్రం నిలబెడుతున్నాయి. మాంసకృత్తులు తిన్నకొద్దీ ఆ మలినం పెరుగుతుంది కాబట్టి వాటిని తగ్గించి తింటే ఉన్న సగమైనా కొన్నాళ్లు నిలుస్తుందని డాక్టరు చెప్పాడు. మా నాయన ఇంకెన్నాళ్లు ఉంటాడన్నది ఆ తిండి మీద కొంతైనా ఆధారపడి ఉంది. నేను విన్నది అదే.

తర్వాత పక్క గదిలో తిండి గురించి చెప్పే అమ్మాయి దగ్గరికి పంపారు. చిన్నపిల్ల, కొత్తగా చేరినట్టుంది. నాయన బయట వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. ఆ పిల్ల ఇంగ్లీషులో అచ్చేసిన కాగితం తీసి, “కూర్చోండి సార్, పప్పెంత, పెరుగెంత అన్నీ వివరంగా చెప్తా” అంది.

“అక్కర్లేదమ్మా. నేను చెప్పే పాఠమే ఇది. ఇంట్లో నేను వివరిస్తాను” అన్నాను. సాయంత్రం రైలు అందుకోవాలన్న తొందర కొంత, పొగరు చాలా.

కాగితం మడిచి జేబులో పెట్టుకొని మందుల కోసం కిందికి పోయి వరుసలో నిలబడ్డాను. తిరిగొచ్చేసరికి నాయన బల్ల మీద ఏదో ఆలోచిస్తూ వేళ్లు చూసుకుంటున్నాడు.

“ఏం నాయనా?”

“ఏం లే. పదప్పా, బండి పోతాది.”

ఇంటికి వచ్చాక, తెల్లారి లేచి తెల్లకాగితం మీద, నా చేతిరాత అందమంతా చూపించి, ఎర్ర సిరాతో శీర్షిక పెట్టి తెలుగులో రాశాను. ఉప్పు తగ్గించాలి. నీరు కొలత ప్రకారం తాగాలి. మాంసకృత్తులు బాగా తగ్గించాలి. ఆ మూడో వాక్యం కింద రెండు గీతలు గీశాను. వంటింట్లో బియ్యం డబ్బా పైన గోడకు అతికించాను. పప్పు అన్న మాట రాయలేదు. అమ్మకూ, నా భార్యకూ విడిగా చెప్పనూ లేదు. రాసిందే చాలు, ఎంత చక్కగా రాశాను అనుకున్నాను.

నాయన కళ్లజోడు పెట్టుకొని దాని ముందు నిలబడి మొదటి నుంచి చివరి దాకా చదివాడు. చదివి నావైపు తిరిగి, “బాగా రాసినావప్పా” అన్నాడు.

నా జీవితంలో ఆయన నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే. ఆ రోజు బడికి నడిచిపోయాను, బండి తీయాలని తోచలేదు.

నేను ఎనిమిదింటికల్లా బడికి పోతాను. నాయన మధ్యాహ్నం అంగడి మూసి వచ్చి తింటాడు. రాత్రిపూట ఆయనకు రాగి జావ తప్ప ఇంకేమీ పడదు. అందుకని ఆయన మధ్యాహ్నం పళ్లెంలో ఏముందో ఎనిమిది నెలలపాటు నేను చూడలేదు. ఆదివారాలు ఇంట్లోనే ఉండేవాడిని కదా అంటారేమో. ఆదివారం పదిమంది పదో తరగతి పిల్లలు మా పంచలో నా పాఠం కోసం కాచుకొని ఉండేవారు. లోకానికి చెప్పడంలో నాకు తీరిక దొరికేది కాదు.

ఎనిమిది నెలల తర్వాత మళ్లీ పరీక్షలు చేస్తే అంకెలు బాగా పెరిగాయి. డాక్టరు కాగితాలు తిరగేసి, “ఏం పెద్దాయనా, ప్రొటీన్ తగ్గించమంటే తగ్గించలేదా?” అన్నాడు.

నాయన నిటారుగా కూర్చొని చేతులు జోడించాడు. “అయ్యా, మావోడు కాగితంలో రాసి గోడకు పెట్టినాడు. మాంసకృత్తులు తగ్గించల్లని. మా వంశంలో మాంసం ముట్టినోళ్లే లేరు. పప్పు, కూరాకు తప్ప నా నోట్లోకి ఇంగేమీ పోలే సామీ.”

గదిలో ఉన్న నర్సు నవ్వు ఆపుకోలేక అటు తిరిగింది. డాక్టరు నవ్వలేదు. “ఎవరు రాశారు? నువ్వేనా? నువ్వు టీచరువి అన్నావు కదూ?” అన్నాడు. అవునన్నాను. “ఏం చెబుతావు?” అన్నాడు. జీవశాస్త్రం అన్నాను. నేల చీలితే బాగుండునన్న మాట పుస్తకాల్లో చదివేవాడిని, దాని అర్థం ఆ రోజు ఆ గదిలో తెలిసింది.

తిరుగు రైల్లో నాయన ఎదుట కూర్చోలేక తలుపు దగ్గర నిలబడ్డాను. ఆయనే లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. “పోనీలేప్పా. మాటది ఏముండాది. నువ్వు కావాలని రాసినావా?” అన్నాడు. నేను ఏడ్చాను. నలభై ఎనిమిదేళ్ల వయసులో, పనపాకం స్టేషను దగ్గర, చుట్టూ జనం చూస్తుండగా.

ఆ రోజు నుంచి నేను వేరే మనిషినయ్యాను. మధ్యాహ్నం ఇంటికి వచ్చి నా చేత్తో నాయనకు వడ్డించేవాడిని. నీళ్లు కొలిచి సీసాలో పోసేవాడిని. ఆదివారం పాఠాలు మానేశాను. ఆయన గోళ్లు తీశాను, గడ్డం చేశాను, రాత్రి నిద్రపట్టే దాకా వాచిన కాళ్లు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. నాయన తన చిన్ననాటి సంగతులు చెప్పేవాడు. చింతపండు బస్తాల మీద పడుకొని చిత్తూరు దాకా లారీలో పోయిన రోజులు, మా తాత కొట్టిన దెబ్బలు, అమ్మను పెళ్లిచూపుల్లో చూడటానికి పోయి నోరు పెగలక అక్కడున్న పప్పు గింజ కొరికి ‘తేమ ఉండాది’ అని చెప్పి వచ్చిన వైనం. ఇద్దరం కడుపు పట్టుకొని నవ్వేవాళ్లం. నలభై ఎనిమిదేళ్లూ ఒక ఎత్తు, ఆ పది నెలలు ఒక ఎత్తు. నా తప్పు వల్ల పోతున్న మనిషి నన్ను క్షమించి ఇంత ప్రేమ చూపిస్తున్నాడే అని కుమిలిపోయేవాడిని.

డయాలసిస్ మొదలుపెట్టిన రెండో నెలలో నాయన పోయాడు.

ఈ జబ్బు ఎట్లాగూ ముదిరేదేనని, తిండి ఒక్కటే కారణం కాదని డాక్టరు చెప్పాడు. నేను వినలేదు. ఏడాది తిరిగాక నాయన అస్థికలు గంగలో కలపడానికి అమ్మనూ, నా భార్యనూ తీసుకొని కాశీకి పోయాను. కాశీకి పోయినవాళ్లు ఇష్టమైనది ఒకటి అక్కడ వదిలి రావాలి, మళ్లీ జన్మలో దాన్ని ముట్టకూడదు. మన జనం తెలివైనవాళ్లు, అందరూ కాకరకాయో పొట్లకాయో వదిలి చేతులు కడుక్కుంటారు. అక్కడి తెలుగు పురోహితుడు నేను కూడా అట్లాంటిదే చెబుతాననుకొని “ఏం వదులుతున్నారు?” అని అడిగాడు.

“పప్పు” అన్నాను. “ఏ పప్పూ ముట్టను.”

“పప్పెవరూ వదలరు నాయనా. బతికినన్నాళ్లూ మాట. ఆలోచించుకోండి” అన్నాడాయన.

మోకాలి లోతు నీళ్లలో నిలబడి, నా అక్షరం వల్ల మా నాయన పోయాడు, దానికిది శిక్ష అని లోపల అనుకొని దోసిట్లో నీళ్లు వదిలాను. గట్టు మీద నా భార్య అమ్మ వైపు చూసింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా బాధ చూడలేక అనుకున్నాను.

మూడేళ్లు పప్పు తినలేదు. మా సీమలో పప్పు ముట్టని శాకాహారి సంగతి ఏం చెప్పను. పెళ్లిళ్లలో ఆకు ముందు కూర్చుంటే రసం కోసం కాచుకొని ఉండటమే పని. రసంలో కూడా పప్పుకట్టు పోశారా అని అడిగితే వడ్డించేవాడు పిచ్చివాణ్ణి చూసినట్టు చూసేవాడు. పెరుగు, మజ్జిగ మీద బతికాను. ఒళ్లు తగ్గింది. బడిలో ‘మాంసకృత్తులు’ అనడం మానేశాను. ‘ప్రొటీన్లు’ అన్నాను. పిల్లలకు ప్రతి ఏడాదీ మా నాయన కథ చెప్పాను, ఒక మాట అర్థమయ్యేలా చెప్పకపోతే మనిషి ప్రాణం పోతుందని. వెనక బెంచీలు కూడా కదిలేవి కావు.

పోయిన నెల అమ్మకు చక్కెర పరీక్ష చేయించడానికి అదే ఆసుపత్రికి పోయాం. తిండి గురించి చెప్పే గదిలోకి పంపారు. అదే అమ్మాయి, కాస్త ఒళ్లు చేసింది, మెడలో తాళి వచ్చింది. నన్ను చూడగానే లేచింది.

“సార్, మీరు పప్పుల అంగడి తాత కొడుకు కదా! తాత ఎట్లుండాడు?”

“పోయినాడమ్మా. నాలుగేండ్లు దాటింది.”

“అయ్యో. ఎంత మంచాయన సార్. ఆ పొద్దు మీరు ఆగకుండా పోయినారని నాకు మనసొప్పలేదు. మీరు మందులకు పోయినంక వరండాలోకి పోయి తాతకు నేనే అన్నీ చెప్పినా. పప్పు పూటకు రెండు గరిటెలకు మించకూడదు, సెనక్కాయలొద్దు, పితికిపప్పు అసలే వద్దు అని. వేళ్లు మడిచి లెక్క పెట్టుకున్నాడు. అంతా అయినంక, ‘పాపా, కందిబేడలు కొనేటప్పుడు పంటికింద పెట్టి సూడు, టక్కుమనల్ల’ అని నాకే పాఠం చెప్పినాడు.” ఆమె నవ్వింది. “ఇప్పటికీ అంగట్లో అట్లే కొరికి సూస్తా సార్. మా ఆయన నవ్వతాడు.”

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ వంగి, కాలికి ఉన్న చెప్పునే మళ్లీ తొడుక్కుంటోంది.

రైలు చంద్రగిరి దాటి, ఎదురు సీట్లు ఖాళీ అయ్యాక అడిగాను.

“నీకు తెలుసునా?”

అమ్మ కిటికీలోంచి చూస్తూ చెప్పింది. “ఆ పొద్దు ఇంటికి రాంగానే సెప్పినాడు. పప్పు తగ్గించమన్నారని. సరే, తగ్గిస్తాలే అంటి. తెల్లారి నువ్వు గోడకు కాగితం పెట్టినావు. అది సదివి, నువ్వు బడికి పోయినంక ఒగటే నవ్వు. ‘ఇందులో పప్పు లేదు. మాస్టరు రాసిందే మాట. నువ్వు వండు’ అన్నాడు.”

“నువ్వు వండినావు.”

“వండకపోతే పస్తు పండుకుంటాడు. ఆ మనిషి మొండితనం నీకు తెలవదా? వాడికి సెప్తే నా మింద ఆన అన్నాడు.”

“మరి డాక్టరు ముందర అన్న మాట?”

“అది ఇంటికాడ్నే అనుకోని వచ్చిన మాట. రిపోట్లో పెరిగినట్టు తెలిస్తే ఏం సెప్తావు అని నేనే అడిగినా. ‘తప్పు నాదంటే వాడు నన్ను అరుస్తాడు. తప్పు వాడిదే అనుకుంటే నన్ను పువ్వుల్లో పెట్టి సూసుకుంటాడు’ అన్నాడు.”

పువ్వుల్లోనే పెట్టి చూసుకున్నాను.

నా మాట చంపలేదని తెలిసిన ఆ క్షణంలో గుండె మీద నుంచి బండ దిగినట్టు ఉండాలి. లేదు. నాకు ముందుగా గుర్తొచ్చింది ‘బాగా రాసినావప్పా’ అన్న మాట. జీవితంలో ఒక్కసారి దొరికిన మెప్పు, నేను వదిలిన సందు ఎంత బాగుందో చూసి మెచ్చుకున్న మెప్పు. ఆ తర్వాత భుజం మీద వేసిన చెయ్యి గుర్తొచ్చింది. తన అబద్ధాన్ని నా మెడకు కట్టి, అదే చేత్తో నన్ను ఓదార్చాడు. ఆ పది నెలల నవ్వులు, ఆ కథలు, ఒళ్లో పెట్టుకున్న కాళ్లు — వాటిలో ఎంత నిజమో ఇప్పుడు ఎవరిని అడగాలి? నన్ను మోసం చేసినవాడు బతికుంటే నిలదీసేవాడిని. పటం ముందు నిలబడి అరిస్తే పక్కింటివాళ్లు వస్తారు.

“సరే, బతికుండగా ఆన. పోయినంక?” అన్నాను. “కాశీలో నేను నీళ్లలో నిలబడి పప్పు వదిలేస్తా ఉంటే నువ్వు గట్టు మీదే ఉంటివి కదమ్మా.”

“సచ్చిపోయిన మనిషిని, అదీ ఆయన బూడిద కలిపిన నీళ్లకాడ, దొంగను ఎట్ల సేసేది నాయనా?”

“అందుకని నన్ను సేసినారా?”

అమ్మ ఏడ్చింది. నేను ఊరుకోబెట్టలేదు. పాకాల వచ్చింది, సంచి అందుకొని దిగాను, ఆమె చెయ్యి మాత్రం పట్టుకొని దించాను.

ఇంట్లో నా భార్య చేటలో బియ్యం పోసుకొని రాళ్లు ఏరుతోంది. అమ్మ ముఖం చూడగానే ఆమెకు అర్థమైపోయింది. నేను అడగకముందే చెప్పింది.

“ఆ పప్పుకు తిరగబాత పెట్టింది నేనే. మామ చెప్పొద్దన్నాడు, తర్వాత అత్త చెప్పొద్దనింది.” చేట కింద పెట్టింది. “ఇంగోటి చెప్తా, కోపం చేసుకున్నా సరే. మామ మంచాన ఉన్న ఆ పది నెలలూ, ఆయన పోయినంక ఇంతకాలమూ, మీరు ఈ ఇంట్లో ఎవరి మాటకూ తప్పు పట్టలేదు. నేను బీపీ అంటే బీపీ అనే విన్నారు. ఆ సుఖానికి నేనూ నోరు మూసుకున్న్యా.”

ఆమె మాట నిజమే. నిజమైనంత మాత్రాన నొప్పి తగ్గదు. నేను కుమిలిపోతూ ఉంటేనే ఈ ఇల్లు నెమ్మదిగా ఉంటుందని ముగ్గురికీ తెలుసు, నాకు తప్ప. మడత తప్పినది ఒక్కటి పుడితే చాలు అని పిల్లలకు చెప్పేవాడిని కదా, నేను పాఠం చెప్పే పంచకు ఎనిమిదడుగుల దూరంలో, మా వంటింట్లో అదే జరిగింది. నాయన, ఆయన పక్కన అమ్మ, ఆమె పక్కన నా భార్య. చెడిన మాంసకృత్తును ఒళ్లు తనంతట తానే గుర్తుపట్టి విరగ్గొట్టి కొత్తది కట్టుకుంటుంది. సంసారానికి ఆ ఏర్పాటు ఉన్నట్టు లేదు.

మర్నాడు తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల లేచి, “సార్, ప్రొటీన్ల పాఠంలో మీ నాయన కథ చెప్తారంట కదా. మా అక్క ఏడ్చిందంట. మాకెప్పుడు చెప్తారు సార్?” అని అడిగింది. నేను బోర్డు వైపు తిరిగి ‘మాంసకృత్తులు’ అని రాశాను. నాలుగేళ్ల తర్వాత రాశాను. “కథ లేదమ్మా. పాఠమే ఉంది” అన్నాను. “మూడుసార్లు అనండి.” పిల్లలు అన్నారు. మాటలో తప్పేమీ లేదు. మా నాయనకు అది అర్థం కాలేదని ఇన్నాళ్లూ ఏడ్చాను. నా దగ్గర చదివిన ఏ పిల్లవాడికీ అర్థం కానంత బాగా ఆయనకు అర్థమైంది.

మొన్న ఆదివారం ఇంట్లో పితికిపప్పు వండారు. నాయన పోయాక ఆ కూర చేయడం అదే మొదటిసారి. అమ్మ ముందురోజే గింజలు నానబెట్టి, వంగని వేళ్లతో పొద్దంతా పితికింది. ఎవరి కోసమో నేను అడగలేదు. పళ్లెంలో సంగటి పెట్టి, గరిటెతో కూర తీసుకొని నా ముందుకు వంగింది.

“ఏసుకోప్పా. నీ తప్పు లేదని తెలిసిపాయ గదా. ఆ ఒట్టు పాపం నాకు రానీ. కాశీ సామికి నేను సెప్పుకుంటా.”

నా నోట్లో నీళ్లు ఊరాయి. మూడేళ్లైనా, ఎంత కోపమున్నా, ఆ వాసన తగిలితే చాలు, లాలాజలం తన పని తాను చేసుకుపోతుంది. గరిట అంచున కూర చుక్క జారి సంగటి పక్కన పడబోయింది. పళ్లెం వెనక్కి లాగాను.

“ఆ మాట ఆడ్నే సెప్పుకోని ఉంటే సరిపోయేదమ్మా” అన్నాను. “నేను నీళ్లలో ఉన్న్యప్పుడు.”

అమ్మ కూరను మళ్లీ గిన్నెలోకి వంపింది. నేను సంగటిలో మజ్జిగ పోసుకున్నాను.